పొలముతోపాటు రూతు: మనుష్యులున్న ఇంటిని కొనుట

వాక్యభాగము: రూతు గ్రంథము 4వ అధ్యాయము, 1 నుండి 10 వచనములు



ఈ సంచికలో మనము ధ్యానించబోవు సంగతి ఆరాధనలో తరచుగా వినబడేది కాదు. అయినను మన కుటుంబములలో ఇప్పుడు జరుగుచున్న సంగతి. జోలార్పేట, వాణియంబాడి, ఆంబూరు, గుడియాత్తం, రాయవేలూరు ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగు విశ్వాసులలో అనేకులు రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ముతోనో, బిడ్డలు పంపిన సొమ్ముతోనో ఇండ్లు కొనుచున్నారు. ఖాళీ స్థలము ఖరీదైపోయినది. కాబట్టి కట్టియున్న పాత ఇల్లు, అందులో రెండు మూడు పోర్షన్లు, ఆ పోర్షన్లలో అద్దెకున్నవారు, ఇవన్నీ కలిపి కొనవలసి వచ్చుచున్నది. అలాంటి ఇంటిని క్రైస్తవుడు ఏ విధముగా కొనవలెను? ఇదే నేటి ప్రశ్న.

మనము ఎవరమో ముందు జ్ఞాపకము చేసికొందము. 1856లో మద్రాసు రాయపురమునుండి వాలాజా రోడ్డువరకు మొదటి రైలు నడిచినది. 1864లో జోలార్పేటనుండి బెంగుళూరుకు దారి పడినది. ఆ జంక్షను వెలసిన తరువాతనే ఈ ఊరు పెద్దదైనది. గ్యాంగుమన్లుగా, ఫిట్టర్లుగా, పాయింట్సుమన్లుగా మన పెద్దలు ఇక్కడికి వచ్చారు. వారి పిల్లలు, మనుమలు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగారు. క్వార్టర్సు అనగా ఏమిటి? ఉద్యోగమున్నంతవరకే మనది. రిటైరైన తరువాత ఇచ్చిన గడువు తీరగానే సామాను దించి, తాళము అప్పగించి వెళ్ళిపోవలెను. అంటే మనలో అనేకులు జీవితమంతా ఒక విధముగా అద్దెవారమే. ఇప్పుడు ప్రభువు కృపవలన యజమానులమగుచున్నాము. అద్దెవాడు యజమాని అయినప్పుడు అతని హృదయములో ఏమి జరుగునో అక్కడనే పరీక్ష ఉన్నది.

జరిగిన సంగతి

2019 జనవరిలో మా సంఘ పెద్ద ఒకరు నా యొద్దకు వచ్చారు. రైల్వేలో ముప్పది సంవత్సరములకు పైగా పనిచేసి రిటైరైనవారు. జంక్షనుకు దగ్గరలో మూడు పోర్షన్ల ఇల్లు బేరము కుదిరినదట. బయానా ఇచ్చుటకు ముందు ప్రార్థన చేయమని అడిగారు.

"చాలా సంతోషము అన్నా. లోపల ఉన్నవాళ్ళతో మాట్లాడారా?" అని నేను అడిగాను.

"వాళ్ళతో మనకేం పని అయ్యగారూ? అమ్మేవాడే ఖాళీ చేయించి ఇస్తానన్నాడు. ఈసీ తీయించాను, పత్రాలు వకీలు చూశాడు, అంతా శుభ్రం" అన్నారు.

"అయితే ప్రార్థన ఆ ఇంటి దగ్గరే చేద్దాము, రండి" అన్నాను.

సాయంకాలము ఇద్దరము వెళ్ళాము. మొదటి పోర్షనులో ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీకి రోజూ రైలులో వెళ్ళివచ్చే యువ దంపతులు. మూడవ దానిలో బండిమీద టిఫిను అమ్ముకొనే ఒక కుటుంబము. మధ్య పోర్షనులో ఒక ముసలమ్మ, పదవ తరగతి చదువుచున్న ఆమె మనుమరాలు. ఆమె తమిళురాలు, విధవరాలు, మన సంఘమునకు చెందినది కాదు. వచ్చీరాని తెలుగులో, "ఇల్లు చూడ్డానికి వచ్చినారా అయ్యా? కూర్చోండి" అని చాప వేసినది.

ఇల్లు అమ్ముచున్న సంగతి ఆమెకు తెలియదు. మేము చెప్పగానే లోపలికి వెళ్ళి, ట్రంకు పెట్టెలోనుండి మడిచిన స్టాంపు కాగితము తెచ్చి మా చేతిలో పెట్టినది. ఆమె నెలనెలా అద్దె ఇచ్చుట లేదు. భోగ్యమునకు ఉన్నది. భర్త పోయినప్పుడు చేతికి వచ్చిన సొమ్ములో 2 లక్షల రూపాయలు ఇంటి యజమానికి ఇచ్చినది. ఖాళీ చేసిన నాడు ఆ 2 లక్షలు తిరిగి ఇవ్వవలెను. అంతవరకు అద్దె లేదు. ఆ కాగితము రిజిస్టరు కాలేదు. కాబట్టి ఈసీలో అది కనబడలేదు. అమ్మేవాడు ఆ మాట ఎత్తలేదు.

మా పెద్ద ముఖము వాడిపోయినది. దారిలో ఒక్క మాట కూడ మాట్లాడలేదు. ఇంటి గుమ్మము దగ్గర నిలబడి, "మీరు నన్ను అక్కడికి తీసుకొనిపోకుండా ఉంటే బాగుండేది అయ్యగారూ" అన్నారు.

సహోదరులారా, ఆ మాట నేను మరువలేదు. చూడకుండా ఉంటే కొనుట సులభము. చూచిన తరువాత కష్టము.

1. పొలము కావాలి, మనుష్యులు వద్దు అన్నవాడు

ఇప్పుడు రూతు గ్రంథమునకు వద్దము. బేత్లెహేములో కరవు వచ్చినందున ఎలీమెలెకు కుటుంబము మోయాబు దేశమునకు వలస వెళ్ళినది. వారు సుమారు పది సంవత్సరములు అక్కడ ఉన్నారు. భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని నయోమి తిరిగి వచ్చినది. ఆమెతో మోయాబీయురాలైన కోడలు రూతు వచ్చినది. ఎలీమెలెకు పొలము అమ్మకమునకు వచ్చినది.

బోయజు ఊరి గవినియొద్ద కూర్చుండి, పదిమంది పెద్దలను పిలిచి, తనకంటె దగ్గర బంధువైన ఒకనిని అడిగెను. పొలము సంగతి చెప్పగానే ఆ బంధువు తాను విడిపించెదనని ఒప్పుకొనెను. పొలము మంచిది, బేరము మంచిది. అప్పుడు బోయజు రెండవ సంగతి బయటపెట్టెను. ఆ పొలము తీసికొను దినమున రూతును కూడ చేర్చుకొనవలెనని, చనిపోయినవాని పేరు నిలుపవలెనని చెప్పెను. వెంటనే ఆ బంధువు వెనుకకు తగ్గెను. తన స్వాస్థ్యము పాడైపోవునని భయపడెను. చెప్పు తీసి బోయజుకిచ్చి తన హక్కు వదలుకొనెను.

రూతు అద్దెకున్న మనిషి కాదు, ఆ కాలపు ధర్మశాస్త్రము వేరు, ఈ కాలపు చట్టము వేరు. అది నాకు తెలుసు. కాని ఆ బంధువు హృదయమును చూడండి. అతడు దొంగ కాడు, అబద్ధికుడు కాడు. అతని లెక్క సరియైన లెక్కయే. అతనికి భూమి కావలెను, భూమికి అంటియున్న మనుష్యులు అక్కరలేదు. విచిత్రమేమనగా తన స్వాస్థ్యము కాపాడుకొనదలచిన ఆ మనిషి పేరు గ్రంథములో వ్రాయబడలేదు. పరదేశురాలిని పొలముతోపాటు స్వీకరించిన బోయజు పేరు మత్తయి సువార్త మొదటి అధ్యాయములో మన ప్రభువు వంశావళిలో ఉన్నది. రూతు పేరు కూడ దాని ప్రక్కనే ఉన్నది.

బోయజు ఇంకొక మంచి పని చేసెను. మనుష్యుల సంగతి బేరము ముగియకముందే, పెద్దల యెదుట, పగటివేళ చెప్పెను. మన కాలములో అమ్మేవాడు దాచును, కొనేవాడు అడుగడు. ఇద్దరికీ అదే సుఖము. నష్టము మాత్రము లోపల ఉన్నవారిది.

2. తలుపు తట్టుట

నేను వాక్యము చెప్పు సేవకుడను, వకీలును కాను. అయినను చట్టము చెప్పు కొన్ని సంగతులు మనము తెలిసికొనుట మంచిది. కొన్ని చోట్ల చట్టము కూడ మన మనస్సాక్షికి గురువైయున్నది.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములో ఒక నియమమున్నది. ఒక ఆస్తిలో ఎవరైనా వాస్తవముగా స్వాధీనములో ఉన్నయెడల, కొనేవానికి వారి హక్కు సంగతి తెలిసినట్లే చట్టము ఎంచును. "నాకు తెలియదు" అనే మాట చెల్లదు. ఎందుకనగా తలుపు తట్టి అడిగితే తెలిసియుండేది. ఈసీ కాగితమును చూపును, కాపురమును చూపదు. రిజిస్టరు కాని అద్దెలు, నోటిమాట ఒప్పందములు, అడ్వాన్సులు అందులో ఉండవు. వాటిని తెలిసికొనుటకు గడప దాటి వెళ్ళుట తప్ప వేరు మార్గము లేదు.

అదే చట్టములోని 109వ సెక్షను ప్రకారము, ఇల్లు కొన్నవాడు పాత యజమాని స్థానములోనికి వచ్చును. అద్దె తీసికొను హక్కు వచ్చును, అద్దెదారుడు కోరినయెడల పాత యజమాని బాధ్యతలు కూడ వచ్చును. అమ్మకమునకు ముందున్న అద్దె బకాయి మాత్రము తనంతట తానే కొన్నవానికి రాదు. ఇల్లు చేతులు మారిన సంగతి తెలియక అద్దెదారుడు పాత యజమానికే అద్దె చెల్లించినయెడల, ఆ అద్దె మరల చెల్లించనక్కరలేదు.

తమిళనాడులో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమునకు బదులుగా 2017లో చేసిన క్రొత్త చట్టము 2019 ఫిబ్రవరి 22న అమలులోనికి వచ్చినది. అద్దె ఒప్పందము వ్రాతపూర్వకముగా ఉండవలెను, అద్దె అధికారియొద్ద నమోదు కావలెను. ఖాళీ చేయించవలెనంటే అద్దె కోర్టు ద్వారానే చేయించవలెను. నీళ్ళు, కరెంటు వంటివి ఆపి మనుష్యులను వెళ్ళగొట్టుటకు యజమానికి అధికారము లేదు.

ఈ చివరి మాట ఎందుకు చెప్పుచున్నాననగా, మా పెద్దకు ఆ దినములలో అలాంటి సలహాయే దొరికినది. "భోగ్యం కాగితం రిజిస్టరు కాలేదు కదా. ముందు రిజిస్ట్రేషను కానివ్వు. తర్వాత మోటారు ఆపేయి, నెల తిరక్కుండా వాళ్ళే పోతారు" అని చెప్పినది అన్యుడు కాడు, ఆదివారము మన ప్రక్కన కూర్చుండి పాడువాడే. ఆ సంవత్సరము జూలైలో ఏమి జరిగినదో మీకు జ్ఞాపకమున్నదా? చెన్నపట్నము దాహముతో అల్లాడుచుండగా మన జోలార్పేటనుండి రైలు వ్యాగన్లలో కావేరి నీళ్ళు పంపారు. ఒక్కొక్క రైలుకు 25 లక్షల లీటర్లు. ఎవరని అడుగకుండ ఊరుకాని ఊరికి నీళ్ళు పంపిన ఊరు మనది. అలాంటి ఊరిలో ఉండి ఒక ముసలమ్మ కుళాయి కట్టివేయుట మనకు తగునా?

స్త్రీలను వారికిష్టమైన ఇండ్లనుండి వెళ్ళగొట్టువారిని గూర్చి మీకా ప్రవక్త రెండవ అధ్యాయములో చెప్పిన సంగతి ఇంటికి వెళ్ళి చదువుకొనండి. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటకు డబ్బిచ్చెదననియే మొదలుపెట్టెను. డబ్బిచ్చినంత మాత్రాన పాపము లేకుండ పోదు.

3. వెల లెక్కకట్టుట

ఆ రాత్రి మా పెద్ద నిద్రపోలేదు. మరునాడు అమ్మేవానియొద్దకు వెళ్ళి, "ముసలమ్మ 2 లక్షలు ధరలో తగ్గించు. ఆమె ఖాళీ చేసిననాడు నేను ఇస్తాను. ఆ మాట ఒప్పందంలో వ్రాద్దాం. తక్కిన ఇద్దరి అడ్వాన్సు కూడా నాకు అప్పగించు" అన్నారు. అమ్మేవాడు మండిపడ్డాడు. "ఇల్లు కొంటావా, ఊరి కష్టాలు కొంటావా?" అన్నాడు. బేరము ఆగిపోయినది. వేరొకరు వచ్చి చూచి వెళ్ళారు. రెండు వారములు ఇల్లు చేయి దాటిపోయినట్లే ఉండినది.

ఇంటిలో కష్టము దానికంటె ఎక్కువ. మధ్య పోర్షను కుమారుని కుటుంబము కొరకు అనుకొన్నారు. కోడలు, "సొంత ఇల్లు కొని, మనమే ఇంకో ఇంట్లో అద్దెకుండాలా మామయ్యా?" అని కన్నీళ్ళు పెట్టుకొన్నది. ఆమె తప్పు మాట్లాడలేదు. మేలు చేయునప్పుడు వెల మనమొక్కరమే చెల్లించము, మన ఇంటివారు కూడ చెల్లించుదురు. ఈ సంగతి ప్రసంగములలో చెప్పుట మరచిపోవుచున్నాము.

చివరకు రెండవ బేరము కుదరక అమ్మేవాడే తిరిగి వచ్చి ఒప్పుకొన్నాడు. ఫిబ్రవరిలో రిజిస్ట్రేషను జరిగినది. అక్కడ నాకు యిర్మీయా ప్రవక్త జ్ఞాపకమునకు వచ్చెను. అతడు చెరసాల ప్రాకారములో ఉండి, యెరూషలేము ముట్టడిలో ఉండగా, అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనెను. వెండి తూచెను, పత్రము వ్రాసెను, సాక్షులను పిలిచెను, ముద్రవేసిన పత్రమును, ముద్రవేయని పత్రమును మట్టి కుండలో పెట్టించెను. విశ్వాసము కాగితములను తృణీకరించదు. మా పెద్ద కూడ ముసలమ్మకు క్రొత్త కాగితము వ్రాసి ఇచ్చారు. 2 లక్షలు తన ఖర్చులలో కలుపకుండ బ్యాంకులో వేరుగా వేశారు. "నీ మనుమరాలి పరీక్షలు అయ్యేవరకు నిన్ను ఎవరూ కదపరమ్మా" అన్నారు.

మా పెద్ద దేవదూత కాడు. ఇల్లు తన పేరిట మారినట్లు టిఫిను బండి కుటుంబమునకు తెలియజేయుట మరచిపోయారు. వాళ్ళు ఆ నెల అద్దె పాత యజమానికే ఇచ్చివేశారు. మా పెద్ద వెళ్ళి వీధిలో గట్టిగా కేకలు వేశారు. తరువాత చట్టము సంగతి తెలిసి, వాళ్ళ బండి దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడిగి, రెండు దోసెలు తిని, డబ్బులిచ్చి వచ్చారు. పాత యజమానియొద్ద ఆ అద్దె రాబట్టుకొనుటకు మూడు సార్లు తిరుగవలసి వచ్చెను.

మార్చిలో పరీక్షలైనవి. మే నెలలో ముసలమ్మ వాణియంబాడిలో తమ్ముని ఇంటికి వెళ్ళుటకు సిద్ధపడినది. మా పెద్ద 2 లక్షలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టారు. ఆమె ఇల్లంతా ఊడ్చి, కడిగి, గడపకు ముగ్గు వేసి, తాళము ఇచ్చినది. కుమారుని కుటుంబము జూన్‌లో వచ్చి చేరినది. నాలుగు నెలల ఆలస్యము. ఇంతకంటె గొప్ప అద్భుతమేమియు జరుగలేదు. ఆమె మన సంఘములో చేరలేదు. చేరుననియు మా పెద్ద అనుకొనలేదు. చేయవలసినది చేశారు, అంతే.

4. అద్దెకున్న సహోదరులకు ఒక మాట

న్యాయము ఒక ప్రక్కనే ఉండదు. మనలో అద్దెకున్నవారు కూడ ఉన్నారు. ఇల్లు చేతులు మారునప్పుడు కొందరు ఆ గలిబిలిలో క్రొత్త యజమానికి అద్దె ఎగవేయుచున్నారు. కొందరు లేని అడ్వాన్సు ఉన్నదని చెప్పుచున్నారు. కొందరు వెళ్ళుటకు ఒప్పుకొని, గడువు తీరినాక డబ్బు అడుగుచున్నారు. ఇది కూడ పరుని సొత్తును ఆశించుటయే. పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె ఇంటిలో నివసించి, వచ్చినవారినందరిని చేర్చుకొని సువార్త చెప్పెనని అపొస్తలుల కార్యములు చివరి అధ్యాయములో చదువుచున్నాము. అద్దె ఇల్లు కూడ దేవుని సేవకు చాలును. దానిని అప్పగించు దినము వచ్చినప్పుడు శుభ్రముగా అప్పగించుట కూడ సాక్ష్యమే.

ముగింపు

ప్రియులారా, మీలో ఎవరైనా అలాంటి ఇల్లు కొనుటకు ఉద్దేశించినయెడల నాలుగు పనులు చేయండి. బయానా ఇవ్వకముందు ప్రతి తలుపు తట్టి, ఎవరున్నారో, ఎంత ఇచ్చారో, ఎంతకాలమునకు ఒప్పుకొన్నారో అడగండి. వారి అడ్వాన్సు, భోగ్యము సంగతి ధరలోనే తేల్చి వ్రాయించండి. రిజిస్ట్రేషను అయిన వెంటనే అద్దె ఎవరికి ఇవ్వవలెనో వారికి వ్రాతపూర్వకముగా తెలుపండి. ఖాళీ చేయించవలసి వచ్చినయెడల గడువు ఇవ్వండి, పిల్లల బడి, రోగుల స్థితి చూడండి. ఇల్లు అత్యవసరమై అంత ఆలస్యము మీరు భరించలేనియెడల, ఆ ఇల్లు కొనకండి. అది కూడ న్యాయమైన నిర్ణయమే. ఆ బంధువు తన వల్ల కాదని పెద్దల యెదుట ఒప్పుకొనెను. పొలము తీసికొని రూతును వీధిలో వదలుటకంటె అది మేలు.

లేవీయకాండము 25వ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు ఒక సంగతి తెలియజేసెను. భూమి ఆయనది. దానిలో ఉన్న మనము పరదేశులము, ఆయనయొద్ద కాపురముండువారము. పట్టా మన పేరిట ఉన్నను, పన్ను రశీదు మన పేరిట ఉన్నను, ఆయన లెక్కలో మనము అద్దెవారమే. ఈ దేహమను గుడారము కూడ ఒక దినమున ఖాళీ చేయవలసినదే. ఆ దినమున ఇంటి యజమాని మనయెడల ఎలా ఉండవలెనని మనము కోరుదుమో, నేడు మన గడపలోపల ఉన్నవారియెడల ఆలాగే ఉందము.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, పరదేశులమైన మాకు ఈ దేశములో నిలువ నీడ ఇచ్చినందుకు వందనములు. ఇండ్లు కొనుచున్న మా సహోదరులకు కాగితములను చూచు జ్ఞానమును, మనుష్యులను చూచు కన్నులను దయచేయుము. అద్దెకున్నవారికి భయమును తొలగించుము, యథార్థతను ఇమ్ము. మా నిమిత్తము తలవాల్చుకొను స్థలము లేనివాడైన నీ కుమారుడు యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.